పద్నాలుగో తెర

ఇంతకీ అత్తయ్య పొద్దున బూట్లు ఎందుకు వేసుకున్నట్టు, చెల్లెలి ఇంటికి వెళ్ళే మనిషి, మోకాలికి ఆపరేషన్ అయ్యి ఇంకా ఏడాదైనా తిరగని మనిషి, వీధి మలుపు దాకా పోవాలన్నా మెత్తని చెప్పులే కావాలనే మనిషి, తాళ్ళు బిగించి కట్టిన బూట్లతో గుమ్మంలో నిలబడి, వెళ్ళొస్తానే అమ్మాయ్, చీకటి పడేలోపు వచ్చేస్తాలే, నువ్వు నీ మ్యాచ్ జాగ్రత్తగా చూసుకో అంది, ఆ నీ మ్యాచ్ అనడంలో పెదవుల వెనక ఏదో నవ్వు నొక్కిపెట్టినట్టు అనిపించింది, అప్పుడే అడగాల్సింది, కానీ అప్పుడు నా నోట్లో టూత్ బ్రష్షు, చేతిలో గేట్ల పటం, బయట హారన్ కొడుతున్న ఆఫీసు కారు, సరే ఇప్పుడు ఫోన్ చేసి కనుక్కుందామంటే ఫోన్ లేదు, ఈ గదిలోకి ఎవరూ సొంత ఫోన్ తేకూడదు, తలుపు బయట గోడకున్న పెట్టెలో పడేసి రావాలి, ఎవరు పెట్టారమ్మా ఈ దిక్కుమాలిన నియమం అంటే నేనే, భద్రతా ప్రణాళికలో ముప్పై ఆరో పేజీ, ఇరవై నాలుగు తెరలు చూడాల్సిన కళ్ళు అరచేతిలో ఉన్న తెర చూడకూడదు అని ఎంతో ముచ్చటపడి రాసుకున్న వాక్యం, ఆ ఇరవై నాలుగూ ఎదురుగా గోడ నిండా వెలుగుతున్నాయి, ఒక్కదానికీ శబ్దం లేదు, స్టేడియం పొట్టలో, మెట్ల కింద కట్టిన గది ఇది, కిటికీ లేదు, కొత్త తివాచీ జిగురు వాసన, ఎముకలు కొరికే ఏసీ, తలుపు దానంతటదే మూసుకుని దానంతటదే తాళం పడుతుంది, పైన నలభై వేల మంది అరిచినా ఇక్కడికి వినిపించదు, నా ముందున్న గ్లాసులో నీళ్ళు వణుకుతాయి, అంతే, ఇప్పుడు కొంచెం వణికాయి, ఆటగాళ్ళు కాళ్ళు సాగదీసుకోవడానికి మైదానంలోకి వచ్చి ఉంటారు, టైము మూడూ పద్నాలుగు, ఫైనల్ నాలుగింటికి.

అంకెలన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి, ప్రతి తెరకీ కింద మూలన ఒక అంకె, ఆ చోట చదరపు మీటరుకి ఎంతమంది ఉన్నారో యంత్రం తలకాయలు లెక్కపెట్టి చెబుతుంది, రెండంటే చేతులూపుకుంటూ నడవచ్చు, మూడంటే భుజాలు తగులుతాయి, నాలుగంటే ఎటు పోవాలో మనిషి కాళ్ళు కాదు గుంపు నిర్ణయిస్తుంది, ఆ పైన సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, ఇదంతా నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను, అందుకే ఆఫీసులో నా పేరు జాగ్రత్తమ్మ, నా ఎదుట అనరు, నేను లిఫ్టు ఎక్కగానే ఎవరో ఒకరు, ఎంతమందిమున్నామో లెక్కపెట్టండర్రా అంటారు, ఇంకెవరో దగ్గుతారు, ఇంట్లో మా ఆయనకి ఆ మొహమాటం కూడా లేదు, మన ఇంట్లో గడప దాటాలంటే అనుమతి పత్రం కావాలి అంటాడు, పిల్లకి ఈత వద్దన్నది నేనే, స్కూటరు వద్దన్నది నేనే, ఇరవై ఏళ్ళ పిల్ల, నా ఒక్కదానికే ఎందుకమ్మా ఇన్ని వద్దులు అని ఒకరోజు అన్నం దగ్గర నుంచి లేచిపోయింది, ఆ కంచం అలాగే ఉండిపోయింది, ఇన్‌స్పెక్టరు ఏదో అంటున్నాడు, నా కుడి పక్కన పోలీసుల తరఫున కూర్చున్న మనిషి, చెవికి రేడియో, మేడమ్, సిగ్నల్ పాడై దారిలో ఆగిపోయిన రైళ్ళు కదిలాయట, మూడు రైళ్ళూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి దక్షిణం స్టేషన్లోకి వచ్చేశాయి అంటున్నాడు, ఎంతమంది అన్నాను, రైలుకి పన్నెండు వందలు వేసుకోండి అన్నాడు, ఎడమ పక్కన కెమెరాలు తిప్పే ఇంజనీరు ఉంది, ఆవిడ మాటలన్నీ వేళ్ళలోనే, అప్పటికే పద్నాలుగో తెరని గోడ మధ్యకి తెచ్చి పెద్దది చేసింది, వెనక బల్ల దగ్గర, ఎదురుగానే అందరం చిత్రగుప్తుడని పిలిచే ఆయన కలం మూత తీసిన చప్పుడు, ఈ గదిలో ఎవరు ఏ నిమిషాన ఏం చేశారో ఎందుకు చేశారో రిజిస్టరులోకి ఎక్కించే పెద్ద గుమాస్తా, ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క కొట్టివేత లేని చేతిరాత, మూడూ పదహారు, మూడు రైళ్ళు అని పైకే చదువుకుంటూ రాశాడు.

పద్నాలుగో తెర అంటే దక్షిణ గేటు, ఒక పక్క ఎత్తుగోడ, ఒక పక్క ఇనుప కటకటాలు, మధ్యలో పోనుపోను గరాటులా సన్నబడే దారి, చివర ఒక్కొక్కరినే వదిలే తిరుగుడు గేట్లు ఎనిమిది, ఆ గోడ కొట్టించండి అని రెండేళ్ళు రాశాను, గోడ అవతల స్థలం వేరే శాఖది, ఆ శాఖవారి జవాబు ఇంకా దారిలోనే ఉంది, ఎనిమిదింటిలో రెండు గేట్లకి టికెట్ చదివే యంత్రాలు పనిచెయ్యడం లేదట, బాగుచేసేవాడు వస్తున్నాడట, జనంలోంచి ఎలా వస్తాడు నాయనా, ఎగిరొస్తాడా, అంకె మూడు, మూడు పాయింట్ రెండు, వెనకవాళ్ళకి ముందు ఏముందో కనబడదు, వాళ్ళకి కనబడేది చేతి గడియారం ఒక్కటే, నాలుగయిపోతోంది నాలుగయిపోతోంది అని ఒక్కొక్కరూ ఒక్క అడుగే వేస్తారు, ఎవరూ తొయ్యరు, ఒక్క అడుగు వేస్తారు, మూడు వేల అడుగులు, మూడూ ఇరవై రెండుకి అంకె పసుపురంగుకి తిరిగింది, మూడు పాయింట్ అయిదు, మూడున్నర, నా మొదటి చిత్తుప్రతిలో ఎర్రగీత ఇక్కడే ఉండేది, మూడున్నర దాటితే గదిలో ఉన్న అధికారి ఎవరినీ అడక్కుండా ఆట వాయిదా వెయ్యచ్చు అని రాశాను, ఆ సమావేశం, ఆ పొడుగాటి బల్ల, పద్దెనిమిది మంది, మా శాఖ కార్యదర్శి గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మూడున్నర ఏమిటమ్మా, అర మనిషి ఎక్కడైనా ఉంటాడా, గుండ్రంగా నాలుగు చేసెయ్యండి, ఆ అర మనిషి సంగతి నాకొదిలెయ్యండి అన్నారు, బల్లంతా నవ్వింది, మూడున్నర పెడితే ప్రతి పెద్ద మ్యాచ్ ఆలస్యమే, ప్రసారాలు ఏమైపోవాలి అన్నాడు టీవీ వాళ్ళ మనిషి, మిగతా నూట పదకొండు పేజీలూ ఒప్పుకున్నారు, ఒక్క అంకె దగ్గర పట్టుబడితే మొత్తం మూలకి పడేస్తారేమో, నాలుగు కూడా ఎక్కడో పుస్తకాల్లో ఉన్న అంకేగా అని నాకు నేను చెప్పుకున్నాను, నా చేత్తోనే మూడున్నర కొట్టేసి నాలుగు వేసి పక్కన పొట్టి సంతకం పెట్టాను, ఇంతకన్నా పాడు సంగతి ఇంకొకటుంది, వాళ్ళు నవ్వినప్పుడు నేనూ నవ్వాను.

నాలుగు లోపల ఉంటే కార్యదర్శి గారి అనుమతి కావాలి, ఆయన పైన అతిథుల గదిలో అద్దాల వెనక ఉన్నారు, గది ఫోన్ ఎత్తాను, ఆరుసార్లు మోగాక ఎత్తారు, వెనకాల గాజు గ్లాసుల చప్పుడు, నవ్వులు, చెప్పమ్మా అన్నారు, సార్, దక్షిణ గేటు బిగుసుకుపోతోంది, రెండు యంత్రాలు పనిచెయ్యడం లేదు, అరగంట వాయిదా ప్రకటిస్తే వెనకవాళ్ళు తొందరపడటం మానేస్తారు, పక్కనున్న పెద్దగేటు తెరిపిస్తే పది నిమిషాల్లో సర్దుకుంటుంది అన్నాను, అంకె ఎంతుంది అన్నారు, మూడు పాయింట్ ఆరు సార్, మన గీత ఎంత, నాలుగు సార్, మరి, అన్నారు, మంత్రిగారు నా పక్కనే ఉన్నారమ్మా, దేశమంతా టీవీల ముందు కూర్చుంది, నాలుగొస్తే మీరే ఆపెయ్యండి, అప్పుడు నన్ను అడగనే అక్కర్లేదు, మీరు రాసిన నియమమే కదా అన్నారు, ఎంత మర్యాదగా అన్నారో, ఆయన ఫోన్ పెట్టేశారు, పోనీ స్టేషన్ దగ్గర ఆపించండి అన్నాను ఇన్‌స్పెక్టరుతో, ఆపాం మేడమ్, ఇంకా ఆపితే స్టేషన్ మెట్ల మీద తొక్కిసలాట అవుతుంది, అక్కడ కూడా తలకాయలేగా అన్నాడు, నిజమే, ఇక్కడ నొక్కితే అక్కడ ఉబ్బుతుంది, మూడూ ఇరవై ఆరు, మూడు పాయింట్ ఆరు, కార్యదర్శి గారు వద్దన్నారు అని చిత్రగుప్తుడు రాయబోతుంటే, వద్దనలేదండీ, నాలుగు రానివ్వండి అన్నారు అని నేనే దిద్దాను, రెండింటికీ తేడా ఉంది, ఆ తేడా మీదే కదా మా ఉద్యోగాలన్నీ నిలబడి ఉన్నాయి.

ఇక చూడ్డమే పని, మూడు పాయింట్ ఏడు, మళ్ళీ ఆరు, మళ్ళీ ఏడు, ఉడుకుతున్న పాల మీద మూతలా అంకె ఆడుతోంది, నాకు భయమేసింది ఒక్క క్షణం, ఎందుకంటే నేను దాన్ని పెరగమని కోరుకుంటున్నాను, నాలుగు రా, త్వరగా రా, వస్తే నా చేతులు విడుదలవుతాయి అని ఆ అంకెని బతిమాలుతున్నాను, జనం ఇంకా నలగాలని కోరుకుంటున్న భద్రతాధికారిని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను, బల్ల మీద నాలుగు మీటలు, నాలుగోది ఎర్రది, నొక్కితే వాయిదా ప్రకటన దానంతటదే మొదలవుతుంది, పొరపాటున తగలకుండా పైన ప్లాస్టిక్ మూత, ఆ మూత కూడా నేనే పెట్టించాను, తలుపు నాది, పెట్టె నాది, మూత నాది, అంకె నాది, ఎటు చూసినా నేను కట్టుకున్న గోడలే, మూడు పాయింట్ ఏడు, బూట్లు, మళ్ళీ ఆ బూట్లు, అత్తయ్య చెల్లెలికి నడుం నొప్పి, వాళ్ళిద్దరూ కూర్చుని ఊరంతటినీ తిట్టుకోవడానికి తాళ్ళ బూట్లెందుకు, రెండు నెలల కిందట ఉతికిన బట్టలు మడతపెడుతూ అంది, ఏమే, నీ చేతిలో స్టేడియమే ఉంది, ఒక్క టికెట్ ఇప్పించవూ, ఒక్క ఫైనల్ కళ్ళారా చూసి చస్తాను, నేనేమన్నాను, అత్తయ్యా, మీ వయసువాళ్ళు వెళ్ళే చోటు కాదది, మీ మోకాలేమిటి ఆ మెట్లేమిటి, టీవీలో ఇంకా బాగా కనిపిస్తుంది అన్నాను, ఆవిడ నా జాకెట్టు మడతపెట్టి నా ఒళ్ళో పెట్టి, పదహారేళ్ళకి బళ్ళో గోలు కాపలా కాశానే, నా చేతులు దాటి బంతి పోయేది కాదు, ఆ తర్వాత యాభై ఏళ్ళు మీ మామయ్య ఇంటికి కాపలా కాశాను, ఇప్పుడు మోకాలికి కాపలా కాయమంటున్నావు, సరే కాస్తాలే అంది, కోపంగా కూడా కాదు, నేను మాట మార్చడానికి టీ పెట్టనా అన్నాను.

ఆ తెల్లజుట్టు.

పద్నాలుగో తెరలో, కటకటాలకి కొంచెం ఇవతల, పసుపుపచ్చ చొక్కా, మన జట్టు చొక్కా, దాని మీద తెల్లజుట్టు, ఈ వయసువాళ్ళు వేలమంది ఉంటారు, పసుపు చొక్కాలు ఇంకా వేలు, కెమెరా కొంచెం దగ్గరికి తీసుకోండి అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, ఎవరైనా పడ్డారా మేడమ్ అంది ఇంజనీరు, లేదు, దగ్గరికి, ఇంకా, ఆ తల పక్కన ఇంకో తల, నేను పొద్దున నూనె రాసుకోమని అరిచిన తల, లైబ్రరీకి వెళ్తున్నానమ్మా అన్న తల, నా కూతురు, ఇద్దరూ కలిసి, టికెట్లు ఇంకెవరు కొనిపెడతారు, అయితే మా ఆయన కూడా కలిశాడన్నమాట, ముగ్గురూ కూడబలుక్కుని నాకు చెప్పకుండా, చెబితే ఏమయ్యేదో వాళ్ళకి తెలుసు కాబట్టే చెప్పకుండా, చెప్పి ఉంటే ఉత్తర గేటు టికెట్లు ఇప్పించేదాన్ని కదే, అక్కడ గోడ లేదు కదే పిచ్చిదానా, పిల్ల రెండు మోచేతులూ రొమ్ముకి అడ్డంగా మడిచి నానమ్మ వీపుకి తన వీపు ఆనించి నిలబడింది, గుంపులో చిక్కుకుంటే చేతులు రొమ్ముకి అడ్డం పెట్టుకోవాలి, అప్పుడే ఊపిరి ఆడుతుంది అని దానికి ఆరేళ్ళప్పుడు ఆటలా నేర్పాను, మంచం మీద దిండ్లు పేర్చి, దిండ్లన్నీ జనం అనుకో అని, గుర్తుంచుకుంది, ఒక్కటి గుర్తుంచుకుంది, అత్తయ్య నోరు తెరిచి ఉంది, వెడల్పుగా, మెడ వెనక్కి వాల్చి నోరంతా తెరిచి, అరుస్తోందా, ఊపిరి అందడం లేదా, ఏడుస్తోందా, శబ్దం లేదు, దేనికీ శబ్దం లేదు, కళ్ళు మూసుకుంది, ఎందుకు మూసుకుంది, నోరు మూతపడి మళ్ళీ తెరుచుకుంది, అంకె మూడు పాయింట్ ఎనిమిది, మూడు పాయింట్ ఎనిమిది, ఎనిమిదే.

ప్లాస్టిక్ మూత ఎత్తింది నా చెయ్యే, నొక్కింది నా వేలే, కానీ ఆ పని చేశాక నేను చేశానని తెలిసింది, మేడమ్ నాలుగు రాలేదు అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఆట అరగంట ఆలస్యంగా మొదలవుతుంది, ఎవరూ తొందరపడకండి, ఎవరి సీటూ ఎక్కడికీ పోదు అని స్టేడియం లోపలా బయటా నేను రాసిన మాటలే ఎవరిదో గొంతులో వినబడుతూ ఉండాలి ఇప్పుడు, దక్షిణం పెద్దగేటు తెరిపించండి అన్నాను, టికెట్లు చూడకుండానా, చూడకుండానే, మేడమ్ నాలుగు లేకుండా ఆ గేటు తెరిస్తే రేపు నన్ను అడుగుతారు అన్నాడు, పిల్లలవాణ్ణి అని కూడా అనబోయి ఆగాడు, నా మాట మీద తెరిచానని రాయించండి, చిత్రగుప్తుడు గారూ రాసుకోండి, నా మాట మీద, ఇన్‌స్పెక్టరు రేడియో నోటి దగ్గరికి తెచ్చుకుని అన్నాడు, తెరవండ్రా, మొత్తం తెరవండి, టైము మూడూ ముప్పై మూడు, గ్లాసులో నీళ్ళు గిజగిజలాడాయి, నలభై వేల మంది నన్ను ఒకేసారి తిట్టుకుని ఉంటారు, తిట్టుకోండి నాయనా, ఎంతసేపైనా తిట్టుకోండి.

ముందు ఏమీ మారలేదు, తర్వాత ఎక్కడో వెనకాల ఒక సందు కనబడింది, నేల కనబడింది, బూడిదరంగు నేల, నేల అంత అందంగా ఉంటుందని నాకు తెలీదు, వెనకవాళ్ళు ఆగారు, కొందరు పక్కకి తిరిగి సిగరెట్లు వెలిగించారు, ముందువాళ్ళు పెద్దగేటులోంచి పగిలిన తొట్టిలోంచి నీళ్ళలా లోపలికి పోయారు, మూడు పాయింట్ నాలుగు, మూడు, రెండు పాయింట్ ఆరు, ఫోన్ మోగింది, కార్యదర్శి గారు, ఎవరు చెప్పారు మీకు, మీరెవరనుకుంటున్నారు, మీరు రేపటికి ఆ కుర్చీలో ఉంటారనుకుంటున్నారా అని మీరు మీరు మీరు అంటూ ఉన్నారు, వింటున్నాను సార్ అన్నాను, నా కళ్ళు పసుపుచొక్కా వెనకాలే పోతున్నాయి, గేటు దాటింది, లోపల పదిహేడో తెరలోకి వచ్చింది, కర్ర లేకుండా నడుస్తోంది, పిల్ల చెయ్యి ఆవిడ నడుం చుట్టూ, ఇన్‌స్పెక్టరుని బతిమాలాను, దక్షిణం గేటు లోపల ఎవరైనా ఉంటే ఆ పసుపుచొక్కా పెద్దావిడకి ఎలా ఉందో కనుక్కోమనండి, మాకు తెలిసినావిడ, అన్నాను, తెలిసినావిడ అన్నాను చూడు, రేడియో గరగరమంది, ఇన్‌స్పెక్టరు నవ్వాడు, ఆవిడకేం మేడమ్, నిక్షేపంగా ఉంది, జట్టు పాట పాడుతోందట, ఇందాకట్నుంచీ పాడుతూనే ఉందట, చుట్టుపక్కల వాళ్ళందరి చేతా పాడిస్తోందట, నేనూ నవ్వాను, తలుపు వైపు చూశాను, ఒక్కసారి పైకి పరిగెత్తి ఇద్దరికీ చెరొకటి అంటించి ఇద్దర్నీ వాటేసుకుని రావాలి, కానీ ఆఖరి ప్రేక్షకుడు గేటు దాటేదాకా అధికారి గది వదలకూడదు, ముప్పై ఏడో పేజీ, పావుగంట పోయాక కార్యదర్శి గారు మళ్ళీ చేశారు, గొంతు పంచదారైపోయింది, మంత్రిగారు అద్దంలోంచి ఆ గేటు చూశారట, సమయస్ఫూర్తి అంటే ఇదీ అన్నారట, టీవీలో కూడా మెచ్చుకుంటున్నారట, మనం మంచి పని చేశామమ్మా అన్నారు, ఇందాకటి మీరు ఇప్పుడు మనం అయింది, రిజిస్టరులో నాలుగు దాటిందనే కదా రాయిస్తున్నారు అని కూడా అడిగారు, చూస్తాను సార్ అన్నాను.

స్టేడియం డాక్టరు గారి ఫోన్ ఆ తర్వాత వచ్చింది, అంతా బాగానే ఉంది మేడమ్, ఒక్కటే కేసు, నీలం చొక్కా ఆవిడ, దక్షిణం నుంచి తెచ్చారు, నలభై అయిదేళ్ళుంటాయేమో, కటకటాలకి ఒత్తుకుపోయి పక్కటెముకలు రెండు విరిగాయి, ఊపిరందక స్పృహ తప్పింది, ఇప్పుడు పర్వాలేదు, ఆస్పత్రికి పంపించేస్తున్నాను, గేటు ఇంకో రెండు నిమిషాలు తెరవకపోయి ఉంటే ఏమో చెప్పలేను అన్నాడు, ఎప్పుడు పడింది అన్నాను, పక్కనున్నవాళ్ళు మూడూ ముప్పై ఒకటి అంటున్నారు, కిందపడలేదు మేడమ్, పడటానికి చోటు లేదుగా, నిలబడే స్పృహ తప్పింది, కూడా ఎవరున్నారు, ఎవరూ లేరు, ఒక్కతే వచ్చిందట, కళ్ళు తెరిచాక రెండుసార్లు అడిగింది, మ్యాచ్ మొదలైందా అని, డాక్టరు గారి గొంతులో చిన్న నవ్వు, పద్నాలుగు మళ్ళీ వెయ్యండి అన్నాను ఇంజనీరుతో, మూడూ ఇరవై అయిదు నుంచి, ఆవిడ వేసింది, కటకటాల దగ్గర, నీలం చొక్కా, మూడూ ఇరవై ఏడుకి ఆ నీలం చొక్కాలోంచి ఒక చెయ్యి పైకి లేచింది, తలలన్నిటి మీదా ఒక్క చెయ్యి, అరచెయ్యి తెరిచి, ఊపడం లేదు, ఊరికే లేచి ఉంది, ఇరవై ఎనిమిది, ఉంది, ఇరవై తొమ్మిది, ఉంది, ముప్పై, వేళ్ళు కొంచెం వంగాయి, ముప్పై ఒకటి, చెయ్యి లేదు, నాలుగు నిమిషాలు, గోడ మధ్యలో, అన్నిటికన్నా పెద్ద తెర మీద, నా ముక్కుకి ఎదురుగా, నేను ఆ తెరనే చూస్తున్నాను, కన్నార్పకుండా చూస్తున్నాను, మూలనున్న అంకెని చూస్తున్నాను.

మేడమ్, కారణం గడి ఖాళీగా ఉంది అంటున్నాడు చిత్రగుప్తుడు, మూడూ ముప్పై మూడు, వాయిదా, పెద్దగేటు, మీ మాట మీద, అంతవరకూ రాశాను, కారణం, అప్పటి అంకె చెప్పండి అన్నాడు, పక్కనుంచి ఇంకో గొంతు అందుకుంది, నాలుగు పాయింట్ ఒకటి వెయ్యండి సార్, ఆ అంకె ఎలాగూ గంతులేస్తోంది, ఎవడు చూడొచ్చాడు, మేడమ్ ప్రాణాలు కాపాడారు అన్నాడు ఇన్‌స్పెక్టరు, నిజంగా మంచి మనసుతోనే అన్నాడు, వేస్తే ఏమవుతుంది, నాకు మెచ్చుకోలు వస్తుంది, కార్యదర్శి గారికి మనం మిగులుతుంది, నాలుగు నాలుగుగానే ఉండిపోతుంది, చూశారా, సరిగ్గా సమయానికి పనిచేసింది అంటారు, వచ్చే ఏడాది ఇంకో ఫైనల్, ఇదే గది, ఈ కుర్చీలో ఇంకెవరో, గుంపులో వాళ్ళ అత్తయ్య ఉండదు, అదృష్టం ఉంటే వాళ్ళ కూతురు కూడా ఉండదు, వాళ్ళు నాలుగు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, రాయండి చిత్రగుప్తుడు గారూ, అప్పటి అంకె మూడు పాయింట్ ఎనిమిది, నియమం ప్రకారం ఆపాల్సిన అవసరం లేదు, మూడున్నర దాటి పదకొండు నిమిషాలు అధికారి చూస్తూ కూర్చున్నారు, గుంపులో అధికారి సొంత మనుషులు కనబడ్డారు, అప్పుడు ఆపారు, కలం ఆగింది, ఇలాగే రాయమంటారా అన్నాడు, ఇలాగే, మీరు రాసేదాకా నేను చెప్తూనే ఉంటాను అన్నాను, రేపు ఇది చదివి ఏం చేస్తారో తెలుసు, అయినవాళ్ళ కోసం దేశాన్ని అరగంట ఆపిందని అంటారు, అననీ, నిజమే, అదే నిజం కాబట్టే గీత కిందికి దిగాలి, లోపల ఎక్కడో పిల్ల నానమ్మకి మెట్లెక్కడానికి చెయ్యి అందిస్తూ ఉంటుంది, వాళ్ళకి ఏమైనా అయితే అరవడానికి నేనున్నాను, మా ఆయనున్నాడు, ఆ నీలం చొక్కా మనిషి ఒక్కతే రైలెక్కి ఒక్కతే వచ్చింది, తన చెయ్యి చూసి నా మనిషి అనేవాళ్ళు ఆ గుంపులో ఒక్కరూ లేరు, నూట పన్నెండు పేజీలు నేను రాసింది అలాంటివాళ్ళ కోసమే, నా జీతం, నా కుర్చీ, ఈ గోడనిండా ఈ తెరలు అన్నీ అందుకే, ఆ నాలుగు నిమిషాలూ ఆ మనిషికి ఈ భూమ్మీద చుట్టమంటూ ఉంటే అది నేనొక్కదాన్నే.